ఇంట్లో విమానం కట్టొచ్చు.. మరి ఎగరేయడం?

హాలియా నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని పోతే, డ్యామ్ దాటాక కృష్ణ అవతలి ఒడ్డున విజయపురి సౌత్‌లో ఒక చిన్న రన్‌వే ఉంది. పైలట్ ట్రైనింగ్ విమానాలు అక్కడి నుంచి లేచి మన పొలాల మీదుగా చక్కర్లు కొట్టడం ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చూసిందే. 2022 ఫిబ్రవరి 26న అలా లేచిన సెస్నా 152 విమానం ఒకటి హాలియా పక్కనే ఉన్న పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో కూలింది. అందులో ఉన్న ట్రైనీ పైలట్, తమిళనాడుకు చెందిన అమ్మాయి, ప్రాణాలు కోల్పోయింది.

అది ఫ్యాక్టరీలో తయారై, రిజిస్ట్రేషన్ నంబరు ఉండి, ట్రైనింగ్ కోసమే వాడే విమానం. అయినా అంత పని జరిగింది. ఇప్పుడు మన పిల్లల ఫోన్లలో తిరిగే వీడియోలు వేరే రకం. ఎక్కడో విదేశంలో ఒకాయన కారు షెడ్డులో అల్యూమినియం పైపులు బిగిస్తాడు. వాటికి గుడ్డ తొడుగుతాడు. ఒక చిన్న ఇంజిన్ పెడతాడు. ఇరవై నిమిషాల వీడియో అయ్యేసరికి గడ్డి మైదానం మీద నుంచి గాల్లోకి లేచిపోతాడు. పేరు అల్ట్రాలైట్. అంటే ఒకరో ఇద్దరో కూర్చునే, బాగా తేలికైన విమానం. దాని భాగాలు పెట్టెల్లో వస్తాయి, మనం బిగించుకోవాలి. దాన్నే కిట్ అంటారు.

"అబ్బా, కిట్ తెప్పిస్తే మన షెడ్డులో కట్టలేమా?" అని పిల్లవాడు అడిగితే "పిచ్చి వేషాలు మాని చదువుకో" అనడం చాలా ఇళ్లలో జరిగేదే. కానీ అది జవాబు కాదు. కట్టొచ్చు. ప్రపంచంలో వేల మంది కట్టారు, మన దేశంలోనూ కట్టారు. అయితే కట్టడం ఒక పని, ప్రాణం పోకుండా, కేసు పడకుండా ఎగరేయడం ఇంకో పని. ఆ రెండో పని గురించి వీడియోలో చెప్పరు. చెప్పేవాళ్లు లేక మన సరిహద్దు అవతల ఒక కుర్రాడు ఏమయ్యాడో ముందు చూడాలి.

ఫుల్‌సావంగిలో ఏం జరిగింది

ఆదిలాబాద్ దాటితే మహారాష్ట్ర యవత్మాల్ జిల్లా. అందులో మహాగావ్ తాలూకా ఫుల్‌సావంగి అనే పల్లె. 2021 ఆగస్టులో అక్కడ 24 ఏళ్ల ముస్లిం యువకుడు ఒకరు తాను సొంతంగా తయారు చేసిన హెలికాప్టర్‌ను పరీక్షిస్తూ చనిపోయాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. వెల్డింగ్, రేకు పని చేతికి బాగా వచ్చు. మారుతి 800 కారు ఇంజిన్ పెట్టి, ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకుంటూ, దాదాపు రెండేళ్లు కష్టపడి ఒంటి సీటు హెలికాప్టర్ తయారు చేశాడు. దానికి 'మున్నా హెలికాప్టర్' అని పేరు పెట్టుకున్నాడు. ఆగస్టు 15న అందరి ముందు ఎగరేయాలనుకున్నాడు.

దానికి కొద్ది రోజుల ముందు రాత్రిపూట నేల మీదే ఇంజిన్ నడిపి చూస్తుండగా వెనక రోటర్ రెక్క విరిగింది. అది వెళ్లి పైన తిరుగుతున్న పెద్ద రెక్కకు తగిలింది. ఆ పెద్ద రెక్క కిందికి వచ్చి తలకు కొట్టింది. తలకు హెల్మెట్ లేదు. ఆస్పత్రికి తీసుకెళ్లినా దక్కలేదు.

ఆ కుర్రాడికి తెలివి లేదని ఎవరూ అనలేరు. చేతిలో హునర్ ఉంది, ఓపిక ఉంది, రెండేళ్ల కష్టం ఉంది. లేనిది ఒక్కటే. ఆ రెక్క మీద ఎంత బలం పడుతుంది, ఏ లోహం దాన్ని తట్టుకుంటుంది, ఎన్ని గంటలు తిరిగాక పగులు వస్తుంది అని లెక్క కట్టి చెప్పే మనిషి పక్కన లేడు. తాను చేసింది తప్పో ఒప్పో అంతకు ముందు ఎవరూ చూడలేదు.

కిట్ విమానానికీ సొంత డిజైన్‌కూ అసలు తేడా ఇదే. కిట్‌లో లెక్క ఎవరో కట్టేశారు. రెక్క లోపలి దూలాన్ని, స్పార్ అంటారు దాన్ని, ఇసుక బస్తాలతో విరిగేదాకా పరీక్షించి చూసుంటారు. అదే నమూనా విమానాలు ఇంతకు ముందే వందల గంటలు ఎగిరి ఉంటాయి. ఎక్కడైనా లోపం బయటపడితే కంపెనీ అందరికీ నోటీసు పంపుతుంది. కొనేవాడు డబ్బు కట్టేది పైపులకూ బోల్టులకూ మాత్రమే కాదు, ఆ లెక్కకూ ఆ అనుభవానికీ కూడా. ఇంకో మాట, హెలికాప్టర్ జోలికి పోకపోవడమే మొదటి తెలివి. ఇంజిన్ ఆగితే రెక్కల విమానం జారుకుంటూనైనా కిందికి దిగుతుంది. హెలికాప్టర్ బరువంతా తిరిగే రెక్కల మీదే ఉంటుంది, అందులో ఒక్క ముక్క విరిగితే ఫుల్‌సావంగిలో జరిగిందే జరుగుతుంది.

పెట్టెలో ఏముంటుంది

కిట్ అంటే అమెరికా నుంచే రావాలని లేదు. బెంగళూరులో రాజ్ హంస అల్ట్రాలైట్స్ అనే కంపెనీ ఉంది. జోయెల్ కోష్లాన్ అనే ఫ్రెంచ్ ఆయన పెట్టిందది. వాళ్ల ఎక్స్-ఎయిర్ అనే రెండు సీట్ల విమానం కిట్ రూపంలో ఫ్రాన్స్, బ్రిటన్ సహా ఎన్నో దేశాలకు వెళ్లింది. మనం విదేశీ వీడియోల్లో నోరు తెరిచి చూసే వాటిలో కొన్ని మన పక్క రాష్ట్రంలో పుట్టినవే!

ఈ రకం విమానం అస్థిపంజరమంతా అల్యూమినియం గొట్టాలు. వాటిని వెల్డింగ్ చేయరు, బోల్టులతో బిగిస్తారు. దాని మీద పాలిస్టర్ గుడ్డ, డాక్రాన్ అంటారు, ముందే కుట్టి పంపిన తొడుగులా వస్తుంది. దిండుకు గలీబు తొడిగినట్టు రెక్కకు తొడిగి బిగుతుగా లాగి కట్టాలి. గుడ్డ రెక్క అంటే నవ్వుకోనక్కర్లేదు. 1903లో రైట్ సోదరుల విమానం రెక్కలకు తొడిగింది కూడా మస్లిన్ గుడ్డే. ఇరాక్‌లోని మోసుల్ ఊరి పేరు మీద వచ్చిన మాట అది.

ఇంకో రకం కిట్లలో అంతా అల్యూమినియం రేకు. వేల రంధ్రాలు, వేల రివెట్లు. ఎన్‌సీసీ వాడిన జెన్ ఎయిర్ సీహెచ్ 701 ఆ రకందే. అది కూడా ఇంట్లో కట్టుకోవడానికి కిట్‌గా అమ్మే డిజైనే.

చాలామంది పనిని తోకతో మొదలుపెడతారు. తోక చిన్నది, గదిలో పడుతుంది, తప్పు జరిగినా పోయేది తక్కువ. అక్కడ చేయి కుదిరాక రెక్కలకు వెళతారు. తోక అనగానే అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ గుర్తుకు రావాలి. తొమ్మిదో శతాబ్దంలో స్పెయిన్‌లోని కుర్తుబాలో ఉన్న పండితుడు. ఈకలతో రెక్కలు కట్టుకుని ఎత్తు నుంచి దూకి కొంత దూరం గాల్లో తేలాడని, దిగేటప్పుడు మాత్రం వీపుకు గట్టి దెబ్బ తగిలిందని చరిత్రకారుడు అల్ మక్కరీ రాశాడు. పక్షి తోక మీద ఆనుకుని దిగుతుందన్న సంగతి ఆయన పట్టించుకోలేదు, తోక పెట్టుకోలేదు, అందుకే దెబ్బ తగిలిందని కూడా అదే కథనంలో ఉంది. నేటి లెక్క ప్రకారం చూసినా తోక పని అదే. విమానం ముక్కు ఎంత ఎత్తాలి, ఎంత దించాలి అన్నది తోకే చూసుకుంటుంది. చంద్రుడి మీద ఒక గుంటకు ఇబ్న్ ఫిర్నాస్ పేరు పెట్టారు. మన మదర్సాల్లో, స్కూళ్లలో ఆయన రెక్కల గురించి చెబుతారు. తోక గురించి కూడా చెబితే బాగుంటుంది.

వెల్డింగ్ మేస్త్రీ అలవాట్లు ఇక్కడ పనికిరావు

హాలియా లాంటి ఊళ్లలో ట్రాక్టర్ ట్రాలీలు, గేట్లు, రేకుల షెడ్లు చేసే మేస్త్రీలు మనవాళ్లలో చాలామంది. వాళ్ల చేతిపని చూస్తే విమానం ఏముందిలే అనిపించడం సహజం. కానీ ట్రాలీ పనిలో మంచి అలవాటు విమానం పనిలో చెడ్డ అలవాటు అవుతుంది.

ట్రాలీకి అనుమానం ఉన్నచోట ఇంకో పట్టీ వేసి అతికిస్తారు. బరువు పెరిగితే ట్రాక్టర్ లాగుతుంది. విమానంలో రెండు కిలోల పట్టీ అదనంగా వేస్తే ఆ రెండు కిలోలను మోయడానికి రెక్క ఇంకాస్త బలంగా ఉండాలి, దానికి ఇంజిన్ ఇంకాస్త పెద్దది కావాలి, ఆ ఇంజిన్‌కు పెట్రోలు ఇంకాస్త పట్టాలి. అసలు ప్రమాదం ఆ పట్టీ ఎక్కడ వేశారన్నది. తోక దగ్గర వేస్తే విమానం వెనక బరువు అవుతుంది. వెనక బరువైన విమానం గాల్లో ముక్కు పైకెత్తేస్తుంది, వేగం తగ్గుతుంది, రెక్క మీద గాలి పట్టు వదిలేస్తుంది, దభాల్న పడుతుంది. అందుకే అంతా అయ్యాక మూడు చక్రాల కింద మూడు తూకాలు పెట్టి, బరువు ఎక్కడ కేంద్రీకృతమైందో లెక్క తీస్తారు. కంపెనీ ఇచ్చిన హద్దుల్లో అది లేకపోతే ఎగరకూడదు. ఇంచుల్లో ఉంటుంది ఆ హద్దు.

వెల్డింగ్ సంగతీ అంతే. విమానాల్లో వాడే గట్టి అల్యూమినియం గొట్టానికి ఆ గట్టిదనం వేడి చేసి చల్లార్చే పద్ధతి వల్ల వస్తుంది. దానికి మన షాపులో వెల్డింగ్ మంట తగిలిస్తే ఆ చోట లోహం మెత్తబడిపోతుంది. పైకి అతుకు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. లోపల బలం పోయి ఉంటుంది.

రంధ్రం వేయడానికీ నియమం ఉంది. రేకు అంచుకూ రంధ్రం మధ్యకూ కనీసం రివెట్ మందానికి రెట్టింపు దూరం ఉండాలి. తక్కువైతే లాగినప్పుడు అంచు చినిగిపోతుంది. రంధ్రం వేశాక చుట్టూ లేచిన గరుకును గీకి నున్నగా చేయాలి, లేకపోతే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. వేల రంధ్రాలకు వేల సార్లు ఈ పని. విసుగు పుట్టించే పని ఇదే. చాలామంది కిట్లు సగంలో ఆగి షెడ్డులో దుమ్ము పట్టేది కూడా ఇక్కడే.

ఇక బోల్టు. మామూలు హార్డ్‌వేర్ షాపు బోల్టు విమానంలో పెట్టకూడదు. కిట్‌తో వచ్చేవి ఫలానా బలం అని పరీక్షించి గుర్తు వేసినవి. వాటిని చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచితో, పుస్తకంలో రాసినంత బిగువే బిగించాలి. అవసరమైన చోట నట్టుకు పిన్ను వేయాలి, లేదా తీగ చుట్టి ముడి వేయాలి, వణుకుకు ఊడిపోకుండా. బిగించాక నట్టు మీద నుంచి రంగు గీత గీస్తారు. తర్వాత ఎప్పుడు చూసినా ఆ గీత విరిగి ఉంటే నట్టు కదిలిందని అర్థం. అయిదు రూపాయల రంగు, కానీ ప్రాణం దాని మీదే ఉంటుంది.

గుడ్డ తొడగక ముందు, రేకు మూయక ముందు, లోపలి పనిని ఇంకొకరు చూడాలి. కట్టినవాడి కళ్లకు తన తప్పు కనబడదు. బ్రిటన్‌లో ఇళ్లలో కట్టే విమానాలను లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఇన్‌స్పెక్టర్లు ఒక్కో దశలో వచ్చి చూసి సంతకం పెడతారు. ప్రతి రోజూ ఏం చేశారో ఫొటోలతో పుస్తకం రాసుకోవడం కూడా పనిలో భాగమే.

మారుతి ఇంజిన్ ఎందుకు వద్దు

పాత కారు ఇంజిన్ చవగ్గా దొరుకుతుంది, అందుకే అందరి కళ్లూ దాని మీదే. మారుతి 800 ఇంజిన్ 796 సీసీ, పవర్ సుమారు 37 హార్స్. చిన్న విమానానికి సరిపోతుంది కదా అనిపిస్తుంది. చిక్కు ఎక్కడంటే, కారు ఇంజిన్ ఆ పవర్‌ను నిమిషానికి దాదాపు 5000 చుట్లు తిరిగినప్పుడు ఇస్తుంది. 1.7 మీటర్ల పొడవున్న ప్రొపెల్లర్‌ను నేరుగా దానికి తగిలించి 5000 చుట్లు తిప్పితే, దాని కొస సెకనుకు 445 మీటర్ల వేగంతో పోతుంది. శబ్దం వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. కొస శబ్దం వేగాన్ని దాటితే చెవులు పగిలే మోతే తప్ప లాగే బలం ఉండదు, ప్రొపెల్లర్ విరిగే ప్రమాదం వేరే. మధ్యలో గేర్ పెట్టి చుట్లు సగానికి తగ్గించాలి. ఆ గేర్ సొంతంగా చేస్తే దాని కుదుపులు, వణుకు మళ్లీ కొత్త తలనొప్పి.

ఈ లెక్కంతా ముందే చేసి అమ్మే ఇంజిన్లు ఆస్ట్రియా కంపెనీ రోటాక్స్‌వి. రోటాక్స్ 912 ఇంజిన్ నిమిషానికి 5800 చుట్లు తిరిగినా, లోపలి గేర్ వల్ల ప్రొపెల్లర్ చుట్లు 2400 దగ్గరే ఉంటాయి. దాన్ని పూర్తిగా విప్పి బాగుచేయాల్సింది 2000 గంటలకు. అదే కంపెనీ చవక రకం టూ స్ట్రోక్ ఇంజిన్లకు ఆ గడువు 300 గంటలే. పైగా ఇవి ఎప్పుడైనా ఉన్నట్టుండి ఆగిపోవచ్చు, దిగడానికి చోటు లేని దారిలో ఎగరకండి అని ఆ టూ స్ట్రోక్ ఇంజిన్ల పుస్తకంలో కంపెనీయే హెచ్చరిస్తుంది. అమ్మేవాడే అంత మాట రాశాడంటే నమ్మాలి.

దిగడానికి చోటు అంటే, హాలియా చుట్టూ ఒకసారి చూడండి. ఎడమ కాలువ కింద వరి. నీళ్లున్న మడిలో చక్రం దిగబడితే విమానం బోర్లా పడుతుంది. మడి మడికీ గట్టు, బోరు మోటార్ల కోసం వేసిన కరెంటు తీగలు ఎటు చూసినా. కింద నిలబడి చూస్తే కనిపించే తీగ పైనుంచి కనిపించదు, స్తంభం మాత్రమే కనిపిస్తుంది. మన ఎండ కూడా ఒక లెక్కే. మే నెల 44 డిగ్రీల మధ్యాహ్నం గాలి పలచబడుతుంది. చలికాలం ఉదయం లేచినంత దూరంలో అదే విమానం లేవదు, ఇంకా పరుగెత్తాలి. ఎండకు గుడ్డ కూడా పాడవుతుంది, అందుకే బయట వదిలేయకూడదు.

అమెరికాలో చెల్లేది ఇక్కడ చెల్లదు

ఆ వీడియోల్లో ఎవరూ లైసెన్సు గురించి మాట్లాడరెందుకు? ఎందుకంటే అక్కడ చాలాసార్లు అక్కర్లేదు. అమెరికాలో 1982 నుంచి 'పార్ట్ 103' అనే నియమం ఉంది. ఒకే సీటు, ఖాళీ బరువు 115 కిలోల లోపు, పెట్రోలు 19 లీటర్లకు మించదు, వేగం గంటకు దాదాపు 102 కిలోమీటర్లు దాటదు. ఈ హద్దుల్లో ఉంటే దానికి రిజిస్ట్రేషన్ వద్దు, నడిపేవాడికి పైలట్ లైసెన్సు వద్దు. ఊళ్ల మీద, జనం మీద ఎగరకూడదు, రాత్రి ఎగరకూడదు, అంతే.

ఇండియాలో అలాంటి మినహాయింపు లేదు. మనిషి కూర్చుని ఎగిరేది ఏదైనా డీజీసీఏ దగ్గర రిజిస్టర్ కావాలి, 'వీటీ'తో మొదలయ్యే గుర్తు రావాలి, ఎగరడానికి పనికొస్తుందన్న అనుమతి కాగితం ఉండాలి, నడిపేవాడికి లైసెన్సు ఉండాలి. రెండు సీట్లకు మించని, మొత్తం బరువు సుమారు 450 కిలోల లోపు విమానాలను మైక్రోలైట్ అంటారు, వాటికి వేరే నియమాలున్నాయి, కానీ ఆ నియమాల్లో కూడా అనుమతి తప్పదు. కిట్ విదేశం నుంచి తెప్పించాలంటే ఆర్డర్ ఇవ్వకముందే డీజీసీఏను అడగాలి, పెట్టె పోర్టుకు వచ్చాక కాదు. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఉల్లంఘిస్తే జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అని అందులో ఉంది. అనుమతి లేకుండా పొలంలో నుంచి ఎగిరిన కుర్రాడి మీద పోలీసు కేసు అంటే ఏమిటో, అందులోనూ ఆ కుర్రాడి పేరు చూసి టీవీ వాళ్లు ఏం హెడ్డింగ్ పెడతారో మన పాఠకులకు విడమరిచి చెప్పక్కర్లేదు.

అనుమతి దొరకదా అంటే దొరుకుతుంది, ఓపిక కావాలి. ముంబై కాందివలిలో అమోల్ యాదవ్ అనే పైలట్ తన అపార్ట్‌మెంట్ డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టారు. ఇది కిట్ కూడా కాదు, సొంత డిజైన్. అంతకు ముందు రెండు ప్రయత్నాలు ఫలించలేదు. 2016 ఫిబ్రవరిలో ముంబై మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో దాన్ని పెడితే దేశమంతా చూసింది. అయినా రిజిస్ట్రేషన్ 2017 నవంబరులో గానీ రాలేదు, ఎగరేసి పరీక్షించుకోవడానికి అనుమతి 2019 అక్టోబరులో వచ్చింది. ఆయన స్వయంగా ఎయిర్‌లైన్స్ పైలట్, ముఖ్యమంత్రి దాకా అండగా నిలిచారు. అలాంటి మనిషికే అంత కాలం పట్టింది.

కేరళ అలప్పుళకు చెందిన ఇంజినీర్ అశోక్ తామరాక్షన్ కథ ఇంకోలా నడిచింది. ఆయన ఉండేది ఇంగ్లండ్‌లో. కరోనా లాక్‌డౌన్ రోజుల్లో దక్షిణాఫ్రికా కంపెనీ స్లింగ్ నుంచి నాలుగు సీట్ల కిట్ తెప్పించి, ఇంటి దగ్గరే షెడ్డులో కట్టారు. సుమారు 18 నెలలు పట్టింది. చిన్న కూతురు దియా పేరు మీద దానికి 'జీ-దియా' అని గుర్తు తెచ్చుకుని, 2022లో కుటుంబంతో యూరప్ తిరిగారు. ఖర్చు సుమారు కోటి 80 లక్షలు. అమోల్ సంవత్సరాలు తిరిగితే అశోక్‌కు నెలల్లో అయిపోయింది. తేడా తెలివిలో కాదు. అక్కడ ఇంట్లో కట్టేవాళ్ల కోసమే చూసే వ్యవస్థ ఉంది, దారి వేసి ఉంది.

ఖర్చు మాట

అశోక్ కొన్నది నాలుగు సీట్ల విమానం, చిన్నదానికి అంత కాదు. కానీ కిట్ ధర అని వెబ్‌సైట్‌లో కనిపించే అంకె చూసి ఎవరూ మోసపోవద్దు. అది చాలాసార్లు అస్థిపంజరం, తొడుగు వరకే. ఇంజిన్ వేరు, అదొక్కటే కొత్త కారు ధర. ప్రొపెల్లర్, మీటర్లు, రేడియో, రంగు వేరు. ఓడ కిరాయి, కస్టమ్స్, జీఎస్టీ వేరు. కట్టడానికి షెడ్డు, పెట్టుకోవడానికి హ్యాంగర్ కిరాయి, ఇన్సూరెన్సు, ఏటా తనిఖీ. అన్నీ ఒక కాగితం మీద రాసి కూడితే కిట్ ధర సగానికి తగ్గి కనిపిస్తుంది. అప్పు చేసి మొదలుపెడితే ఇంకా అన్యాయం. వడ్డీ సంగతి మన ఇళ్లలో ఎలాగూ వేరే చర్చ. అది పక్కన పెట్టినా, సగం కట్టిన విమానానికి మళ్లీ అమ్మకం ధర ఉండదు.

మరి హాలియా పిల్లవాడు ఏం చేయాలి

కేరళ ఇడుక్కి జిల్లాలో సాజీ థామస్ అనే ఆయన ఉన్నారు. పుట్టుకతోనే మాట, వినికిడి లేవు. బడి చదువు మధ్యలోనే ఆగింది. చిన్నప్పుడు రబ్బరు తోటలకు మందు కొట్టడానికి వచ్చిన హెలికాప్టర్లను చూసి పిచ్చి పట్టింది. ఏళ్ల తరబడి కూడబెట్టి చేసిన రెండు సీట్ల అల్ట్రాలైట్ 2014లో ఎగిరింది. ఫుల్‌సావంగి కుర్రాడికీ సాజీకీ పేదరికంలో, చదువులో పెద్ద తేడా లేదు. అయితే సాజీ ఒక పని చేశారు. తాను కట్టినదాన్ని తానే రాత్రిపూట నడిపి చూసుకోలేదు. వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా చేసిన ఎస్.కె.జె. నాయర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన చూసి, తమిళనాడు మణిముత్తార్‌లోని తన ఎయిర్‌స్ట్రిప్‌లో ఎగరేశారు.

అలాంటి పెద్ద మనిషి దొరకాలంటే విమానాలుండే చోటికి పిల్లవాడు ముందు వెళ్లాలి. దానికి అన్నిటికన్నా తక్కువ ఖర్చు దారి ఎన్‌సీసీ ఎయిర్ వింగ్. హైదరాబాద్‌లో ఎయిర్ స్క్వాడ్రన్ ఉంది. అందులో చేరిన కాలేజీ పిల్లలకు ఏరోమోడలింగ్, అంటే ఎగిరే నమూనాలు చేయడం నేర్పుతారు, మైక్రోలైట్‌లో ఎక్కే అవకాశం ఉంటుంది. ఆడపిల్లలకూ అంతే. ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లో డిగ్రీ సీటు కోసం చూసేటప్పుడు ఆ కాలేజీలో ఎయిర్ వింగ్ ఉందా అని ఒక్క మాట అడిగితే చాలు. ఏరోమోడలింగ్ చిన్నపని అనుకోవద్దు. తోక బరువు ఎక్కువైతే ఏమవుతుందో ఒక థర్మాకోల్ విమానం నేల మీద పడి చూపిస్తుంది. పోయేది వంద రూపాయలు.

చేతిపని మీద మనసున్న పిల్లవాడికి ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ కోర్సు ఉంది. ఇంటర్‌లో ఎంపీసీ ఉండాలి, కాలేజీకి డీజీసీఏ గుర్తింపు ఉందో లేదో డబ్బు కట్టకముందే డీజీసీఏ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. టార్క్ రెంచి పట్టడం నుంచి రివెట్ కొట్టడం దాకా అక్కడ నేర్పేది అదే. నడపాలన్నదే కోరికైతే దారి వేరు, ఖర్చు ఎక్కువ. హైదరాబాద్ బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా దాతల సాయంతో, తర్వాత ప్రభుత్వ సాయంతో కమర్షియల్ పైలట్ అయిన సంగతి మన పాఠకులకు తెలిసిందే.

ఇవన్నీ విన్నాక కూడా కిట్టే కావాలన్నవాళ్లు ఉంటారు. వాళ్లు ముందు వెళ్లాల్సింది పెట్టె అమ్మే కంపెనీకి కాదు, బేగంపేట పాత ఎయిర్‌పోర్టులోని డీజీసీఏ ఆఫీసుకు. ఫలానా మోడల్, ఫలానా బరువు, ఫలానా ఇంజిన్, దీన్ని కట్టి రిజిస్టర్ చేయించుకోవాలంటే ఏ దశలో ఎవరు వచ్చి చూస్తారు అని రాతపూర్వకంగా అడగాలి. జవాబు కూడా రాతలోనే తీసుకోవాలి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా అడ్వాన్సు కట్టొద్దు.